బాప్తిస్మపు తొట్టిలో పాచి



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కువైట్‌లో ఉన్న మన చెల్లెలు ఒకామె ఫోన్ చేసి, "అయ్యగారూ, తొట్టిలో నీళ్లు బాగున్నాయా? ఫోటో పెట్టండి" అని అడిగింది. తొట్టికి ఇటుకలు, టైల్స్ కొన్నది ఎక్కువగా గల్ఫ్‌లో పనిచేసే మన అక్కచెల్లెళ్ల కానుకలతోనే. కాబట్టి అడిగే హక్కు వాళ్లకుంది. ఫోటో పెట్టాను. అయితే ఫోటోలో నీళ్లు తేటగా కనబడటం వెనకాల ఏం జరిగిందో ఫోటో చెప్పదు కదా, అది కాస్త రాస్తాను.

తొట్టి చూడనివాళ్ల కోసం ముందు ఒక మాట. మందిరం వెనుక నేలమీదే కట్టిన సిమెంటు తొట్టి అది. లోపల ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. మూడున్నర అడుగుల వరకు నింపుతాం. ఘనపుటడుగుకి 28 లీటర్లు వేసుకుంటే సుమారు 4000 లీటర్లు. భూమిలోకి తవ్వకుండా పైకెందుకు కట్టారని బయటి సేవకులు అడుగుతుంటారు. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది. కాస్త తవ్వితే ఊట, అదీ ఉప్పూట. గుంటలో కడితే ఖాళీగా ఉన్నప్పుడు ఊట కిందనుంచి తోసి అడుగు పగలగొడుతుందని మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. అందుకే పైకి కట్టి, బయట మూడు మెట్లు, లోపల మూడు మెట్లు పెట్టించాం.

మనం డెల్టా చివర ఉన్నవాళ్లం. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టిన నాటినుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాక కూడా, మనకు తీపినీళ్లంటే కాలవ నీళ్లే. ఎండాకాలం కాలవ కట్టేస్తారు. బోరు నీళ్లు నోట పెట్టలేం. అందుకని కాలవ కట్టే ముందు వారంలో తొట్టి నింపుకుంటాం. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆ 4000 లీటర్లే. పాచి పడితే పారబోసి మళ్లీ నింపుకోవడానికి వీల్లేదు. ఊళ్లో ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం కూర్చునే రోజుల్లో, తొట్టి కోసమని ట్యాంకరు తెప్పించే మనస్సు నాకైతే లేదు.

మన పెద్దలందరూ కాలవల్లోనో ఏరుల్లోనో బాప్తిస్మం పొందినవాళ్లే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు తర్వాతి మాట అది. ఆ కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. గుండ్లకమ్మ వానాకాలపు పారే నీరు. పారే నీటికి పాచి పట్టదు. మన తొట్టి నిలవనీరు. పైగా కాలవ నీళ్లతో పొలాల డీఏపీ, యూరియా కొంత కొట్టుకొస్తుంది. వరి పెరగడానికి ఏం కావాలో పాచికీ అదే కావాలి: భాస్వరం, నత్రజని, ఎండ. మూడూ మన తొట్టిలో పుష్కలం. పక్కన వేపచెట్టు ఆకు రాల్చి మరికాస్త ఎరువు వేస్తుంది.

ఈ ఏడు నింపిన తొమ్మిదో రోజుకి నీళ్లు పచ్చబడ్డాయి. పదకొండో రోజుకి అడుగు కనబడలేదు.

ఆ రోజుల్లోనే ఒక అబ్బాయి నా దగ్గరకొచ్చాడు. వాళ్లమ్మ మన మందిరానికి నాలుగేళ్లుగా వస్తోంది, డెబ్బై దాటిన మనిషి. మే నెలలో బాప్తిస్మం తీసుకుంటానని నిర్ణయించుకుంది. కొడుకు విశ్వాసి కాదు. అయినా తల్లి కోరిక కాదనలేక, తొట్టి ఎలా ఉందో చూసిపోదామని వచ్చాడు. టార్పాలిన్ ఎత్తి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాస్టరుగారూ, ఏమీ అనుకోకండి. మా అమ్మకి ఒకసారి తుంటి విరిగి రాడ్ వేయించాం. ఈ పాచి మెట్ల మీద కాలు జారితే ఎవరండీ చూసేది? ఈ నీళ్లలోనా మా అమ్మని ముంచేది?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయముంది. "నీళ్లు బాగైతేనే మీ అమ్మగారు దిగుతారు బాబూ. ముందురోజు నువ్వే వచ్చి చూడు" అని మాటిచ్చాను.

ఆ సాయంత్రం సంఘ పెద్దల కూడికలో ఈ సంగతి చెప్పాను. ఒక పెద్దాయన, ఆయనంటే నాకు ఎంతో గౌరవం, "దేవుడు చూసేది హృదయాన్ని అయ్యగారూ, నీళ్ల రంగుని కాదు. నయమాను మునిగిన యొర్దాను ఏమన్నా మినరల్ వాటరా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన మాటలో సత్యముంది. రాజులు రెండవ గ్రంథం అయిదో అధ్యాయంలో నయమాను దమస్కు నదులే మేలని అలిగి వెళ్లబోయాడు, దేవుడు మాత్రం యొర్దానులోనే స్వస్థపరిచాడు. రక్షణ నీటి తేటదనంలో లేదు. ఒప్పుకుంటాను.

కాని నయమాను రథమెక్కి వచ్చిన సైన్యాధిపతి. మంచి నీళ్లు ఎరిగినవాడు, వద్దనగలిగినవాడు. మన పల్లె కథ వేరు. మన తాతలు పెద్ద చెరువు మెట్టు దిగలేదు. ఎవరైనా దయతలచి బిందెలో పోస్తే తెచ్చుకున్నారు, లేదా గేదెలు దిగిన నీళ్లే వడగట్టుకున్నారు. 1985 జూలైలో కారంచేడులో ఏం జరిగిందో మనలో నలభై దాటినవాళ్లందరికీ తెలుసు. మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైన గొడవ, మర్నాటికి ఆరుగురి ప్రాణాలు తీసింది. మురికి నీళ్లు మీకు చాలులే అని లోకం మన వాళ్లతో తరతరాలుగా అంది. అదే మాట దేవుని మందిరం వెనక, దేవుని పేరు పెట్టి మనం అనకూడదని నా అభిప్రాయం. పెద్దాయన కాసేపు ఊరుకుని, "అయితే బ్రష్ ఎక్కడుంది?" అన్నారు. చీపురు, బ్రష్ పట్టినవాళ్లలో ఆయనే మొదటివాడు.

ఇక పని సంగతి. పక్క గ్రామాల సేవకులు కూడా అడుగుతున్నారు గనుక వివరంగానే రాస్తాను.

మొదటగా బ్లీచింగ్ పోయడం కాదు, తోమడం. గోడకి పట్టిన పాచి పొరలా ఉంటుంది, మందు పైపైనే తగులుతుంది. ముందు కర్రకి దోమతెర గుడ్డ కట్టి ఆకూ అలమూ తీసేశాం. తర్వాత గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో గోడలు, మెట్లు, ముఖ్యంగా టైల్స్ మధ్య సందులు తోమాం. ఇనుప బ్రష్ వాడకండి. సందుల్లో సిమెంటు గీరుకుపోతే పాచికి మనమే గూడు కట్టిపెట్టినట్టు.

బ్లీచింగ్ లెక్క పంచాయతీ మంచినీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసే మన తమ్ముడు చెప్పాడు. తాజా పొడిలో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పి పెట్టిన బస్తాలో తేమ తగిలి సత్తువ పోతుంది, అది సున్నంతో సమానం. పాచి చంపడానికి లీటరుకి 10 మిల్లీగ్రాములు కావాలంటే, 4000 లీటర్లకి 40 గ్రాముల క్లోరిన్, అంటే సుమారు 130 గ్రాముల పొడి. చేత్తో గుప్పెళ్లు లెక్కపెట్టవద్దు, కిరాణా కొట్టు కాటా మీద తూయించండి. బకెట్ నీళ్లలో పొడి కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రమే తొట్టిలో పోయాలి. అడుగున మిగిలేది సున్నపు మడ్డి. ఇదంతా సూర్యుడు వాలాకే. మిట్టమధ్యాహ్నం పోస్తే ఎండకి గంటలోపే సగం క్లోరిన్ పోతుంది.

ఒక్క హెచ్చరిక. బ్లీచింగ్ కలిపిన బకెట్‌లో బాత్‌రూమ్ యాసిడ్ చుక్క కూడా పడకూడదు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్రె యుద్ధంలో సైనికుల్ని చంపినదదే. "రెండూ వేస్తే ఇంకా బాగా తెల్లబడుతుంది" అని యూత్‌లో ఒకతను సీసా పట్టుకొచ్చాడు, అమ్మగారు చూసి లాక్కున్నారు.

తెల్లారేసరికి పచ్చదనం పోయి నీళ్లు బూడిద రంగుకి తిరిగాయి. అది చచ్చిన పాచి. రెండో రాత్రి మళ్లీ తోమి మళ్లీ అంతే పోశాం. మూడో రోజు పటిక, లీటరుకి 30 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాములు, కరిగించి పోసి మెల్లగా కలియబెట్టి వదిలేశాం. మన అమ్మమ్మలు కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చినట్టే ఇదీ. మర్నాటికి మడ్డంతా అడుక్కి దిగింది. తొట్టి నేలకి పైనుంది కాబట్టి మోటారు అవసరం లేదు. పైపు నిండా నీళ్లు నింపి ఒక కొస అడుగున, రెండో కొస బయట పెడితే మడ్డి దానంతట అదే వచ్చేస్తుంది. మొత్తం మీద మూడు నాలుగు వందల లీటర్లు పోయాయి.

ఆ మధ్యలో ఒక రైతు సోదరుడు మైలుతుత్తం వేద్దామన్నాడు. పాచి చస్తుంది, నిజమే. కాని రాగి నీళ్లలోనే ఉండిపోతుంది. రేపు ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే కింద చేపల చెరువులవాళ్లకి నష్టం. వద్దన్నాను.

ఇప్పుడు రోజు విడిచి రోజు సాయంత్రం 25 గ్రాముల పొడి వేస్తున్నాం. పంచాయతీ క్లోరోస్కోప్‌లో చూసుకుంటాం. జనం దిగే రోజున లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. రొయ్యల చెరువు చేసే తమ్ముడు వారానికోసారి పీహెచ్ చూసి చెబుతాడు. 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మంచిది, ఎక్కువైతే క్లోరిన్ సరిగా పనిచెయ్యదు.

అన్నిటికంటే పనిచేసింది నల్ల టార్పాలిన్. వెలుగు లేకపోతే పాచి బతకదు. దాని కింద ఇనుప చట్రానికి సన్న జాలీ కొట్టించి తాళం పెట్టాం. జాలీ దోమల కోసం. డెంగీ దోమ గుడ్డు పెట్టిన పది రోజుల్లోపే దోమై ఎగిరిపోతుంది. నీళ్లు తీసేసినా గోడకంటిన గుడ్డు నెలల తరబడి ఎండి బతికే ఉంటుంది. కాబట్టి ఖాళీ తొట్టినీ తోమాలి. తాళం పిల్లల కోసం. సెలవుల బైబిలు తరగతులకి అరవై మంది పిల్లలు వస్తారు. మూడడుగుల పిల్లవాడికి మూడున్నర అడుగుల నీళ్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తాళంచెవి అమ్మగారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు, నా దగ్గర కూడా.

మే ఆఖరి శనివారం సాయంత్రం ఆ అబ్బాయి మాట ప్రకారం వచ్చాడు. చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, తనే దిగాడు. ఒక్కో మెట్టు మీద కాలు రాసి రాసి చూశాడు. "పట్టుకోడానికి కడ్డీ ఒకటుంటే బాగుండునండీ" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి వెల్డింగు షాపతన్ని వెంటబెట్టుకొచ్చి తనే బిగించాడు. మర్నాడు మామ్మ ఆ కడ్డీ పట్టుకుని దిగింది, పట్టుకునే ఎక్కింది. మొత్తం ఏడుగురు. దేవునికే స్తోత్రం.

జూన్ రెండో ఆదివారం ఇంకో నలుగురున్నారు. అదయ్యాక మూత తీసి మూడు రోజులు ఎండనిస్తే క్లోరిన్ పోతుంది. అప్పుడు ఆ నీళ్లు మందిరం చుట్టూ ఉన్న కొబ్బరి చెట్ల పాదులకి వదులుతాం. ఈలోగా సెలవులకి ఊరొచ్చినవాళ్లు తోమే పనిలో చెయ్యి వెయ్యాలనుకుంటే ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి రండి. పాత బట్టలు కట్టుకు రండి, బ్లీచింగ్ పడితే రంగు పోతుంది.