నాయన కాళ్ల తిమ్మిరి

అరికాళ్లలో చీమలు పాకినట్టుంటే మా ఇంట్లో తిమ్మిరి అంటాము. చోళపురంలో పక్కింటి తమిళులకు "తిమిరు" అంటే పొగరు. బెంగళూరులో కన్నడ బడిలో చదివిన మాకు ముందు నోటికొచ్చేది "జోము". పదకొండేళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న నాయన "తిమ్మిరిగా ఉంది" అంటే, "నీకు తిమిరే నాయనా" అని నవ్వేవాళ్లం.

మొన్న పొంగలు పండక్కి పోతే, "ఇప్పుడు తిమ్మిరి లేదు, బాగైంది" అన్నాడు. సంతోషపడ్డాము. సాయంత్రం వీధిలోంచి వచ్చాడు, ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదు. అరికాలికి స్పర్శే పోతోందని, అందుకే తిమ్మిరి తెలియడం లేదని అప్పుడు అర్థమైంది.

రాజపాళయంలో డాక్టరు నాయన్ను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ దారంతో అరికాళ్లు తాకి చూశారు. చాలా చోట్ల తెలియలేదు. షుగరే కదా అనుకున్నాము. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా ఇట్లాగే అవుతుందని, అవీ చూడమన్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చట. నాయనకు అదీ తక్కువే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పని; ఒక తప్పు దొరికిందని అక్కడ ఆగము. ఇంట్లో మాత్రం షుగరు అన్న మాట దగ్గరే ఆగిపోయాము.

ఇప్పుడు రోజూ రాత్రి అమ్మ టార్చి వేసి నాయన అరికాళ్లలో పుండ్లేమైనా ఉన్నాయా అని చూస్తుంది. మేము ఫోనులో "నేల చల్లగా తెలుస్తోందా నాయనా?" అని అడుగుతాము. మీ పెద్దవాళ్లనూ అడగండి. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ మొద్దుబారినా, మూతి వంకరపోయినా మాత్రం అడుగుతూ కూచోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.