ఉమ్మడి గోడ

మన పట్టణాలలో 'టెర్రస్' అంటే మేడ పైకప్పు. వడియాలు ఎండబెట్టేదీ, రంజాన్ నెలవంక కోసం వెదికేదీ అక్కడే. ఇంగ్లండులో ఆ మాటకు మరో అర్థం ఉంది. పక్క గోడలను పంచుకుంటూ, ఒకే ముఖంతో వీధి పొడవునా నిలిచిన ఇండ్ల వరుసను వారు టెర్రస్ అంటారు. ఆ దేశపు దక్షిణ తీరాన, బ్రైటన్‌ను ఆనుకుని ఉన్న హోవ్‌లో సముద్రానికి అభిముఖంగా ఉన్న బ్రన్స్‌విక్ టెర్రస్ అలాంటి వరుసల్లో పేరెన్నిక గన్నది. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకరు ఆహ్వానించగా దానిని చూసే అవకాశం నాకు కలిగింది.

యువరాజు జార్జ్ రాకపోకలతో బ్రైటన్‌కు సంపన్నుల తాకిడి పెరిగింది. (గుమ్మటాలతో ఆయన కట్టించుకున్న రాజమందిరమే మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రి అయింది.) ఆ సంపన్నుల కోసమే 1820లలో, చార్ల్స్ బస్బీ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా ప్రకారం బ్రన్స్‌విక్ ఇండ్లు లేచాయి. ఎత్తైన స్తంభాలు, ఇనుప బాల్కనీలు, మీగడ రంగు పూత. దూరం నుంచి ఒకే మహాభవనంలా తోస్తుంది. దగ్గరికి వెళితే తలుపు తలుపుకూ వేరే సంసారం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ ఇండ్లను కూల్చివేయాలని స్థానిక పాలకులు తలపెట్టగా, 1945లో రీజెన్సీ సొసైటీ అనే సంఘం ఏర్పడి ప్రతిఘటించింది. నేడు వాటికి ఐదేళ్ళకోసారి అదే రంగు వేయించాలన్న చట్టం ఉంది.

ముఖం సంగతి అది. గోడ లోపలి సంగతి వేరు. ఆ ప్రాంతపు నాటి ఇండ్ల గోడలు చాలావరకు 'బంగరూష్'తో కట్టినవి. చెకుముకి రాళ్ళు, విరిగిన ఇటుకలు, గులకరాళ్ళు సున్నంలో కలిపి, రెండు చెక్కల మధ్య కూరి పోసేవారు. నీళ్ళ గొట్టం గురిపెడితే సగం ఊరు కూలుతుందని అక్కడివారి ఛలోక్తి. సున్నపు పూత ఉన్నంతకాలం గోడలోని చెమ్మ బయటికి పోతుంది. సిమెంటు పూస్తే లోపలే చిక్కుకుపోతుంది. ఒక ఇంటి వాననీటి గొట్టం పగిలితే పక్కింటి పడకగదిలో గోడ ఉబ్బుతుంది.

నా ఆసక్తి అంతా ఈ పక్క గోడ మీదనే నిలిచింది. కారణం, పొరుగువారి గోడ హక్కుల అధ్యాయాన్ని ఏళ్ళ తరబడి బోధిస్తున్నాను. పొరుగువాడు తన గోడలో దూలం ఆనించుకోవడాన్ని ఎవరూ అడ్డుకోరాదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఈ హదీసు వినిపించినప్పుడు శ్రోతలు విముఖత చూపగా ఆయన గట్టిగా మందలించారు. అలా అనుమతించడం విధి అని ఇమామ్ అహ్మద్ (రహ్మలై) అభిప్రాయం. హనఫీ పండితులు దానిని అభిలషణీయమని మాత్రమే భావించారు. విద్యార్థులు ఈ భేదాభిప్రాయాలను కంఠస్థం చేస్తారు. దూలం మాత్రం వారి కంటికి కనబడదు.

ఇంగ్లండులో 1996లో ఉమ్మడి గోడల చట్టం వచ్చింది. గోడను ముట్టుకునే ముందు, రెండు నెలల ముందుగా పొరుగువారికి లిఖితపూర్వకంగా తెలపాలి. వారు సమ్మతించకపోతే నిపుణులు తీర్పు చెబుతారు. నష్టం జరిగితే పరిహారం చెల్లించాలి. ఆ నియమాలకు లోబడి గోడను తొలిచి దూలం ఆనించుకునే హక్కు కూడా ఉంది! ఇది విన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేకపోయాను. అయితే ఒక తేడాను మరువరాదు. చట్టం చెప్పేది ప్రధానంగా ఇద్దరి ఉమ్మడి గోడ గురించి. హదీసులోనిది పొరుగువాని సొంత గోడ. తన సొమ్ములో చోటివ్వడం ఎంతో కష్టం. శ్రోతలు ఎందుకు ముఖం తిప్పుకున్నారో ఆ సముద్రపు గాలిలో నిలబడినప్పుడు మరింత బాగా అర్థమైంది.

తిరిగి వచ్చాక ఆ ఇండ్ల ఛాయాచిత్రాన్ని చూపుతూ పాఠం చెప్పాను. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, "హజ్రత్, ఇద్దరూ ఎవరి గోడ వారు కట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా?" అన్నాడు. వాళ్ళ ఇల్లు అలాంటిదేనట. పంపకాలైన ఏడాది తండ్రి ఒక గోడ, పెదనాన్న ఒక గోడ లేపారు. నడుమ జానెడు సందు. అందులో వాననీరు నిలిచి రెండిళ్ళకూ చెమ్మ ఎక్కుతోంది. పూత వేయడానికి మేస్త్రీ చేయి దూరదు.