సొరకాయ బుర్ర చెప్పిన కథ

సొరకాయ ముదిరి ఎండిపోతే ఏం చేస్తాం? మా అమ్మ ఆ బుర్రలో విత్తనాలు దాచేది. అదే బుర్రకి తోలు బిగించి, తీగెలు కట్టి వాయిస్తే ఒక దేశపు సంగీతానికే పునాది పడిందంటే నమ్ముతారా? నేనూ ముందు నమ్మలేదండీ.

మా చెల్లెలు మళ్ళీ ఉద్యోగంలో చేరుతూ, "బాబుని చూసుకోవడానికి రావే అక్కా" అంటే అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో. ఒక సాయంత్రం తొమ్మిది నెలల బాబుకి గుజ్జన్నం తినిపిస్తున్నాను. మా మరిది టీవీలో ఓ పాట పెట్టాడు. ఒకావిడ బాంజో వాయిస్తూ పాడుతోంది. మాటలు తెలియలేదు గానీ ఆ గొంతులో దుఃఖం తెలిసింది.

"అర్థమేమిటి బాబూ?" అన్నాను.

"బానిసల కాలంనాటి పేపరు ప్రకటన మీద కట్టిన పాట వదినా. ఇరవై రెండేళ్ళ పనిమనిషి అమ్మకానికుంది, ఆమెకి తొమ్మిది నెలల బిడ్డ, బిడ్డని కొనాలా వద్దా అన్నది కొనేవాళ్ళ ఇష్టం అని వేశారట."

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది.

ఆమె పేరు రియానన్ గిడెన్స్. 1977లో ఆ రాష్ట్రంలోనే గ్రీన్స్‌బరోలో పుట్టింది. తల్లి నల్లజాతి, తండ్రి తెల్లజాతి. ఒపెరా సంగీతం చదువుకుంది. బాంజో అంటే తెల్లవాళ్ళ వాయిద్యమనే అందరూ అనుకుంటారు. అసలు దాన్ని తెచ్చింది ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ళు. మొదట్లో సొరకాయ బుర్రలతోనే చేసుకునేవారు. తర్వాత తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని, వాళ్ళని వెక్కిరిస్తూ అదే బాంజో స్టేజీల మీద వాయించారు. పోనుపోను అసలు వారసులెవరో జనం మరిచిపోయారు.

2005లో రియానన్, మరో ఇద్దరు కుర్రాళ్ళు కలిసి జో థాంప్సన్ అనే ఫిడేలు వాయించే పెద్దాయన దగ్గర చేరారు. ఆయనకప్పుడు 86 ఏళ్ళు. ఆయన ఇంట్లో కూర్చుని, ఆయనతో కలిసి వాయిస్తూ నేర్చుకున్నారు. ఆ ముగ్గురి బృందానికి 2011లో గ్రామీ అవార్డు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే పెద్దాయన పోయారు. ఇంకొన్నేళ్ళు ఆలస్యమైతే ఏమయ్యేదో చూడండి!

ఆ తర్వాత ఒమర్ అనే బానిస జీవితం మీద ఆమె ఇంకొకరితో కలిసి కట్టిన ఒపెరాకి 2023లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ తిరగలి తిప్పుతూ ఎన్ని పాటలు పాడేదో! ఇంటర్ చదివే రోజుల్లో నా స్నేహితురాళ్ళు వస్తే, "ఆ పల్లెటూరి పాటలు ఆపమ్మా" అని కసిరాను. అమ్మ ఆపేసింది. మళ్ళీ పాడమని నేనెప్పుడూ అడగలేదు.

తిరిగి రాగానే నోటుపుస్తకం పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. "ఇప్పుడెందుకే అవి?" అని నవ్వింది. సగం మరిచిపోయింది. ఒక్కో పాటలో మధ్య చరణాలే లేవు. ఉన్నంతవరకు రాసుకున్నాను, ఖాళీలు అలాగే వదిలాను. ఏ వంట చేస్తూనో గుర్తొస్తే ఫోన్ చేసి చెబుతోంది. మొన్న రెండు చరణాలు దొరికాయి.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే ఈ పూటే అడగండమ్మా. రేపటికి వాయిదా వెయ్యకండి.