పేరు చెప్పని సాక్ష్యం

పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటుంటే ఫోన్ వచ్చింది. అక్క నాంపల్లి స్టేషన్‌లో దిగింది. ఆమెది పాలమూరు పల్లె. చిన్నప్పుడే జోగినిని చేశారు. ఇరవై ఏళ్ల కింద ఊరు విడిచి బయటపడ్డది. మా సభలో మాట్లాడమని పిలిచింది నేనే.

స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. "తమ్మీ, నా కథ చెప్త. మరి జోగినిని చేసిందెవరని అడుగుతరు గదా? మా అమ్మ ఇంకా బతికే ఉంది. బిడ్డకు సంబంధాలు చూస్తున్న" అంది. చాయ్ చల్లారిపోయింది.

నా దగ్గర జవాబు లేదు. 1988 చట్టం కింద బిడ్డను జోగినిని చేసిన తల్లిదండ్రులకూ జైలే. ఆకలికి, ఊరి పెద్దల ఒత్తిడికి తలవంచిన ముసలి తల్లి పేరు బయటికొస్తది. ఆ పెద్దల పేర్లు ఏ కాగితం మీద ఉంటయి?

ఇదే నగరంలో వందేళ్ల కిందే భాగ్యరెడ్డి వర్మ ఈ దురాచారం మీద పోరాడారు. ఊట్కూరు హాజమ్మ తన పేరుతోనే ముందుకొచ్చారు. ఆమెను చూపించి "నువ్వూ మాట్లాడు" అనడం మనకు అలవాటైంది. మాట్లాడేది ఒక్కరే, నిందలు మోసేది మాత్రం ఇంటిల్లిపాదీ.

సభలో అక్క వెనక వరుసలో కూర్చుంది. ఆమె మాటలను పేరూ ఊరూ లేకుండా నేను చదివాను. ఫోన్ ఎత్తిన విద్యార్థిని ఆపాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సాక్ష్యం అడిగే ముందు ఒక్క మాట. రేపు ఆమె గడప ముందు మనం నిలబడతామా? నిలబడలేకపోతే కెమెరా పక్కన పెట్టండి.

జై భీమ్.