వగరుదా, మెత్తందా?

ఈ మధ్య మన ఇళ్లకు పిల్లలు రెడ్ వైన్ బ్లెండ్ సీసాలు తెస్తున్నారు. ఏది తేవాలని అడిగితే ధర చూసి చెప్పొద్దు, మన నాలుకను అడిగి చెబుదాం.

బ్లెండ్ అంటే రెండు మూడు రకాల ద్రాక్షల కలయిక. కాఫీపొడి కొట్లో పీబెర్రీ ఇంత, రోబస్టా ఇంత అని పాళ్లు చెప్పి కలిపించుకుంటామే, అలాంటిదే. కాబెర్నే సావిన్యోన్‌లో వగరు ఎక్కువ. మెర్లో మెత్తన. షిరాజ్‌లో మిరియాల ఘాటు. సీసా మీద ముందు రాసిన ద్రాక్షే సాధారణంగా ఎక్కువ పాలు. కొవ్వున్న మటన్ కూరకు వగరుది నప్పుతుంది. వగరు పడనివాళ్లు మెర్లో పేరు ముందున్నది అడగండి. మన ఎండలకు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తాగితే బాగుంటుంది.

మేము తమిళ బడిలో చదివి రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. ఈ రుచిని బడిలో తువర్ప్పు అన్నారు, ఇంట్లో అవ్వ వగరు అంది. ఇప్పటి పిల్లలు టానిన్ అంటున్నారు. మీరు వైన్ తాగినా తాగకపోయినా, మనవళ్ల చేత పచ్చి అరటికాయ ముక్క ఒకటి కొరికించి, "ఇదే నాయనా వగరు" అని చెప్పండి. మన తర్వాత ఆ మాట చెప్పేవాళ్లు వాళ్లే.