పైకెళ్లని ‘అప్’

ఊళ్లో అందరికీ ఆయన లెక్కల మాస్టారు. తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియంలోనే ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగమున్నన్నాళ్లూ బస్సులో ‘అప్ అండ్ డౌన్’ చేశారు కానీ, ఆ ‘అప్’తో ఇంత పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

అమెరికాలో పుట్టిన మనవరాలికి తెలుగు అంతంతమాత్రం. ఓ ఆదివారం ఫోన్‌చేసి ‘వాట్సప్ తాతయ్యా?’ అంది. మాస్టారు తలెత్తి చూసి ‘ఫ్యాను తిరుగుతోందమ్మా’ అన్నారు! ఇల్లంతా ఒకటే నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడే డిక్షనరీ, ఓ నోటుపుస్తకం కొనుక్కొచ్చారు.

అప్ అంటే పైకి. గెటప్ అంటే లేవడం. ఇంతవరకూ బాగానే ఉంది. మరి షటప్‌లో పైకెళ్లేదేమిటి? ఈటప్ అంటే మిగల్చకుండా తినేయడం. ‘టైమ్ ఈజ్ అప్’ అంటే గడువు అయిపోవడం. ‘అప్ టు యూ’ అంటే నీ ఇష్టం. ముఖానికి రంగేసినా మేకప్పే, గొడవపడ్డవాళ్లు కలిసిపోయినా మేకప్పే, లేని కథ అల్లినా మేకప్పే. ‘స్లో అప్’ అన్నా, ‘స్లో డౌన్’ అన్నా వేగం తగ్గడమే! బ్రిటన్ రైల్వేలో లండన్‌వైపు వెళ్లేది అప్ లైను. ఆ రైలు కొండ దిగి వచ్చినా సరే! ఈ ‘అప్పు’ ఇప్పట్లో తీరేది కాదని మాస్టారికి అర్థమైంది.

చివరికి ‘గివప్’ దగ్గర ఆగిపోయారు. పైకివ్వడం కాదు, వదిలేయడమట. ‘నేనూ అదే చేస్తానమ్మా, నావల్ల కావట్లేదు’ అన్నారు ఫోన్లో.

అవతల కాసేపు మౌనం. తర్వాత చిన్న గొంతు... ‘తాతయ్యా, పడటం అంటే ఫాల్ కదా. నిలబడటంలో పడటం ఎందుకుంది?’

మాస్టారు అవాక్కయ్యారు. అరవై ఏళ్లుగా మాట్లాడుతున్న భాషలో ఆ సంగతే గమనించలేదాయన. ఇష్టపడతాం, భయపడతాం, సిగ్గుపడతాం. జబ్బుచేస్తే మంచాన పడతాం, గండం గడిస్తే బయటపడతాం. ఎక్కడా కాలు జారింది లేదు! తనకి ‘అప్’ ఎంత కష్టమో ఆ పిల్లకి ‘పడు’ అంత కష్టమన్నమాట.

ఆరోజే ఒప్పందం కుదిరింది. వారానికి ఆమె ఒక ‘అప్’ చెప్పాలి, ఈయన ఒక ‘పడు’ చెప్పాలి. మొన్నటి పాఠం ‘హ్యాంగప్’. ఒకప్పుడు ఫోన్లు గోడకుండేవి, మాట్లాడటం అయ్యాక రిసీవరు కొక్కేనికి తగిలించేవారు. అలా వచ్చింది ఆ మాట.

‘ఇక హ్యాంగప్ చెయ్యి తాతయ్యా’ అంది మనవరాలు.

‘నువ్వే చెయ్యి తల్లీ’ అన్నారాయన. ఆ ఒక్క ‘అప్’ మాత్రం ఆయనకి చేతకాదు.