నాన్న తిరిగి ఇచ్చేసిన తాళం చెవులు

మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఎప్పుడైనా ఈ ప్రశ్న అడిగారా? "మీరు మొత్తం ఎన్ని ఇళ్ళలో కాపురం ఉన్నారు?" అడగకపోతే ఈ వారమే అడగండి. తెలుగులోనే అడగండి.

మా అమ్మను అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది ఇళ్ళు. అందులో ఆరు సైన్యం క్వార్టర్లు, రెండు అద్దె ఇళ్ళు. సొంతిల్లు ఒక్కటే.

మా నాన్న బగాన్ డాటో దగ్గర ఒక కొబ్బరి తోటలో పుట్టారు. 1974లో, 19 ఏళ్ళ వయసులో మలేషియా సైన్యంలో చేరారు. వాహనాల మెకానిక్ పని. తోటలో పుట్టిన కుర్రాడికి అది గొప్ప ఉద్యోగం. నెలనెలా జీతం, యూనిఫాం, అన్నిటికన్నా ముఖ్యంగా ఇల్లు.

క్లువాంగ్, తైపింగ్, కుచింగ్, మలాకా దగ్గర తెరెండాక్. బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే కొద్ది వారాల్లో సామాను కట్టాలి. నేను నాలుగు బడులు మారాను. ఏ బడిలోనూ తెలుగు లేదు. రాత్రిపూట అమ్మ పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు నాకు అలా వచ్చినవే.

క్వార్టర్లలో మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. నాన్న సరిహద్దు అడవుల వైపు వెళ్తే వారాల తరబడి కబురు ఉండేది కాదు. 1989లో కమ్యూనిస్టులతో శాంతి ఒప్పందం కుదిరేదాకా అదే భయం. అప్పుడు పక్కింటి మలయ్ ఆంటీ, ఎదురింటి ఇబాన్ ఆంటీ మాకు అన్నం పెట్టేవారు. వాళ్ళ మగవాళ్ళు వెళ్తే మా అమ్మ పెట్టేది.

కానీ అమ్మ ఏ గోడకూ మేకు కొట్టలేదు. దేవుడి పటాలు కూడా బల్ల మీదే. ఎందుకంటే ఇల్లు ఖాళీ చేసే రోజు ఒక మనిషి కాగితం పట్టుకుని వస్తాడు. బల్బులు, కుళాయిలు, కిటికీ అద్దాలు, గోడకు పడిన రంధ్రాలు లెక్క చూస్తాడు. తరువాత నాన్న తాళం చెవులు ఇచ్చేసి సంతకం పెడతారు. ఆరు ఇళ్ళు, ఆరు సంతకాలు.

సైన్యంలో సిపాయిలకు 21 ఏళ్ళ సర్వీసు నిండితే పెన్షన్ వస్తుంది. 1995లో నాన్నకు నిండింది. అప్పటికి ఆయన వయసు 40. నాకు 15, తమ్ముడికి 11. చేతికి వచ్చిన డబ్బులో సగం పాత అప్పులకు పోయింది. పెన్షన్ జీతంలో సగం కూడా కాదు. ఆ మాట అమ్మ నాకు చాలా ఏళ్ళ తరువాత చెప్పింది.

తెలుక్ ఇంతాన్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాన్న ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా పనికి వెళ్ళారు. ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే వయసు చూశారు, కాపలా జీతం చూశారు, కాగితాలు వెనక్కి ఇచ్చారు.

ఆ రాత్రి నాన్న అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "అయ్యను లైన్ ఇంట్లోంచి పంపేసినప్పుడు ఆయన మీద కోపం వచ్చింది నాకు. ఇన్నేళ్ళు ఏం చేశావని అడిగాను. ఇప్పుడు నన్నెవరు అడగాలి?"

మా తాతయ్య ఆ తోటలోనే 40 ఏళ్ళకు పైగా పని చేశారు. మీలో చాలామంది పెద్దవాళ్ళలాగే ఆయనా కంపెనీ లైన్లలో బతికారు. ఒంట్లో శక్తి తగ్గి పని మానేశాక ఆ ఇల్లు ఇంకో పనివాడికి ఇచ్చారు. తాతయ్య, నాన్నమ్మ అత్తయ్య ఇంటి వెనక చిన్న రేకుల గదిలోకి మారారు. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. తోట మారింది, సైన్యం వచ్చింది, కానీ ఆ పద్ధతి మారలేదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన సామెత. రెండూ ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుందని దాని అర్థం. అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు, గొలుసు అమ్మేసింది. 1999లో 25,000 రింగిట్‌ల చవక ఇల్లు ఒకటి కొన్నారు. అప్పు అమ్మ పేరు మీద దొరికింది, ఎందుకంటే అప్పటికి ఆమె కుట్టుపని ఫ్యాక్టరీలో చేరింది. తాళం చెవులు తెచ్చిన రోజు పాలు పొంగించే ముందే అమ్మ సుత్తి తీసుకుని ముందుగదిలో ఒక మేకు కొట్టింది. వెంకటేశ్వరస్వామి పటం తగిలించింది. నాన్న బయట నిలబడి ఏడ్చారు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు లుముట్‌లో నౌకాదళంలో ఉన్నాడు. వాడికీ క్వార్టర్ ఉంది, మంచి ఇల్లే. పోయిన దీపావళికి భార్యతో వచ్చినప్పుడు అమ్మ వాడిని కూర్చోబెట్టి అడిగింది.

"ఆ ఇల్లు ఎవరిది నాన్నా?"

"నేవీది, నాన్నమ్మా."

"మరి నీది ఎక్కడుంది?"

వాడు నవ్వాడు. అమ్మ నవ్వలేదు. 1972 నుంచి సైనికుల పొదుపు కోసం ఎల్‌టాట్ నిధి ఉంది. జీతంలోంచి ప్రతినెలా దానికి కొంత పోతుంది. అందులో ఎంత చేరిందో చూసుకోమని, జీతం వస్తుండగానే బ్యాంకుకు వెళ్ళమని, 40 ఏళ్ళు వచ్చేదాకా ఆగొద్దని చెప్పింది.

మీ ఇంట్లోనూ సైనికుడో, పోలీసో, క్వార్టర్‌లో ఉండే ఇంకెవరో ఉంటే మా అమ్మ ప్రశ్న వాళ్ళను అడగండి. చిన్న ప్రశ్నే, నేర్చుకోవడం తేలిక: "మీది ఎక్కడుంది?"